మీకు తెలుసా? రెండు గీతలు కలిసి నడిచినంత మాత్రాన...

జిదాఫ్స్‌లో బడి పెరిగింది, యాస మారింది. ఒకదానివల్లే రెండోది జరిగిందా?

బహ్రెయిన్ రాజధాని మనామాకు పడమటి పక్కన ఉంది జిదాఫ్స్. ఒకప్పుడు ఊటనీళ్ళు, ఖర్జూర తోటలు ఉన్న పల్లె. ఇప్పుడు బజారు, ఆసుపత్రి, బళ్ళు, కార్ల రద్దీతో రాజధానిలో కలిసిపోయిన పట్టణం. ఇక్కడి పాతకాపులు ఎక్కువగా బహార్నా అనే షియా కుటుంబాల వాళ్ళు. అదే దీవిలోని సున్నీ కుటుంబాల వాళ్ళను స్థానికంగా 'అరబ్' అనే పిలుస్తారు. ఇద్దరిదీ అరబిక్కే, కానీ నోరు విప్పగానే ఎవరు ఏ ఇంటివారో తెలిసిపోయేంత తేడా ఆ రెండు మాటతీరుల మధ్య ఉండేది.

ఈ దీవిలో అబ్బాయిలకు తొలి ఆధునిక బడి 1919లో ముహర్రక్‌లో తెరిచారు. ఆడపిల్లల బడి 1928లో వచ్చింది. 1932లో చమురు పడింది. ఆ తర్వాత చదువు ఊరూరా పాకింది. అదే కాలంలో బహార్నా కుర్రకారు నోట పాత పల్లె పలుకు పలచబడుతూ వచ్చింది. కాగితం మీద బడికి వెళ్ళే పిల్లల గీత ఒకటి, పాత పలుకు వాడేవారి గీత ఒకటి గీస్తే మొదటిది ఎక్కుతూ పోతుంది, రెండోది దిగుతూ పోతుంది. చూసిన వాళ్ళెవరికైనా నోటికొచ్చే మాట ఒకటే: 'చదువొచ్చింది, యాస పోయింది.' మన ఊళ్ళలోనూ ఈ మాట రోజూ వింటాం.

ఇంగ్లండుకు చెందిన భాషాశాస్త్రవేత్త క్లైవ్ హోల్స్ 1970ల చివర్లో బహ్రెయిన్‌లో తిరిగి జనం మాటలు రికార్డు చేశాడు. 1983లో వ్యాసాలుగా, 1987లో పుస్తకంగా ఆ పరిశోధన బయటికి వచ్చింది. పై గీతల కథను పరీక్షించాలంటే అందులోంచి రెండు ధ్వనులు తీసుకుంటే చాలు.

మొదటిది 'మూడు' అనే మాట. పుస్తకాల అరబిక్‌లో అది థలాథ. నాలుక కొనను పళ్ళ మధ్య పెట్టి ఆ 'థ' పలకాలి. సున్నీ ఇళ్ళలోనూ అంతే. బహార్నా పల్లెమాటలో మాత్రం అది ఫలాఫ. ఒక బహార్నా కుర్రాడు 'ఫ' వదిలి 'థ' అందుకున్నాడనుకోండి. బడి నేర్పిందా, సున్నీ స్నేహితుల దగ్గర పట్టుబడిందా? రెండు కారణాలూ అతణ్ణి ఒకే దిక్కుకు తోస్తాయి కాబట్టి ఈ మాటతో ఏదీ తేలదు.

రెండోది 'జ'. కోడిని పుస్తకాల అరబిక్ దజాజ్ అంటుంది. బహార్నా మాటలో కూడా ఆ జ-కారం చెక్కుచెదరకుండా ఉంది. సున్నీ మాటలో అది య-కారమై దియాయ్ అవుతుంది. ఇక్కడ రెండు కారణాలూ విడిపోతాయి. మార్పుకు మూలం బడే అయితే బహార్నావాళ్ళు మార్చుకోవలసింది ఏమీ లేదు, పుస్తకం వాళ్ళ పక్షానే ఉంది. మూలం పరపతి అయితే, అంటే 1783 నుంచి పాలిస్తున్న సున్నీ రాజవంశం మాట, కొలువుల్లో వినిపించే మాట లాగుతుంటే, వాళ్ళు పుస్తకానికి దూరంగా య-కారం వైపు జరగాలి.

జరిగారు. నలుగురూ కలిసే చోట, పల్లె దాటి మనామాలో మసిలేటప్పుడు, బహార్నావాళ్ళలో కొందరు తమ సొంత జ-కారాన్ని, పుస్తకాలు సైతం ఒప్పుకునే జ-కారాన్ని పక్కన పెట్టి య-కారం పలకడం హోల్స్ పరిశోధనలో కనిపించింది. చదువుకున్న సున్నీలు పెద్ద పెద్ద పుస్తకాల మాటల్లో జ-కారం వాడటం కూడా కనిపించింది గనుక బడి ప్రభావం లేదని కాదు. అది ఉన్నది ఆ మాటల మేరకే. రోజూ నలుగురిలో వాడే మాటను లాగింది తోటి మనుషులు. 1968లో ఈసా టౌన్ లాంటి కొత్త పట్టణాలు తెరుచుకుని, వేర్వేరు ఊళ్ళ కుటుంబాలు ఒకే వీధిలో కాపురం పెట్టాక ఆ లాగుడు ఇంకా బలపడటానికి వీలు కుదిరింది.

అక్షరాస్యత గీతను, యాస గీతను పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఈ సంగతి బయటపడదు. రెండు కారణాలు ఎదురెదురు దిక్కులకు లాగే చోటును వెతికి పట్టుకుంటేనే బయటపడింది. భాష గురించి నేను చదివిన వాదాల్లో ఇంత శుభ్రమైనవి చాలా తక్కువ.

పెళ్ళిళ్ళకూ చావులకూ 0.9512

గీతలు కలిసి నడిస్తే బంధం ఉందనుకునే ఈ తప్పు లెక్కను వందేళ్ళ కిందటే ఒకాయన నిలదీశాడు. ఆయన పేరు ఉడ్నీ యూల్, బ్రిటన్ గణాంకవేత్త. 1925 నవంబరులో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ అధ్యక్షుడిగా చేసిన ప్రసంగంలో ఒక లెక్క చూపించాడు. అది 1926లో అచ్చయింది. 1866 నుంచి 1911 దాకా ఇంగ్లండు, వేల్స్‌లలో జరిగిన పెళ్ళిళ్ళలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండు పెళ్ళిళ్ళ వాటా ఎంతో ఏడాదివారీగా తీసుకున్నాడు. అవే ఏళ్ళ మరణాల రేటు తీసుకున్నాడు. రెంటికీ సహసంబంధం కడితే 0.9512 వచ్చింది. పూర్తి పొత్తు ఉంటే వచ్చేది 1. అసలు పొత్తే లేకపోతే వచ్చేది 0.

చర్చిలో పెళ్ళి చేసుకోవడం మానేస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ నమ్మరు కదా. ఆ 46 ఏళ్ళలో మత కట్టుబాట్లు సడలి చర్చి పెళ్ళిళ్ళు తగ్గాయి. మంచినీళ్ళు, మురుగుకాలువలు, వైద్యం బాగుపడి మరణాలు తగ్గాయి. రెండూ కాలంతో పాటు దిగాయి, అంతే. యూల్ గొప్పతనం ఆ ఉదాహరణను చూపించి ఊరుకోకపోవడంలో ఉంది. ఒక ఏడాది విలువ ముందటేడాది విలువను ఆనుకుని నడిచే వరుసలు ఏ రెండు తీసుకున్నా, వాటికి బంధం లేకపోయినా, పెద్ద సహసంబంధం రావడమే మామూలని గణితంతో చూపించాడు. అందుకే దీన్ని కాకతాళీయం అని కొట్టెయ్యడానికి లేదు. కాకతాళీయం ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. ఇది తరచుగా జరుగుతుంది.

అర్ధశతాబ్దం తర్వాత, 1974లో, క్లైవ్ గ్రాంజర్, పాల్ న్యూబోల్డ్ కంప్యూటర్‌తో ఇదే పని చేశారు. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేకుండా తప్పతాగినవాడి నడకలా సాగే అంకెల వరుసలను పుట్టించి, వాటిని జంటలుగా పరీక్షించారు. పరీక్ష సరిగా పనిచేస్తే నూటికి అయిదు జంటల్లోనే పొరపాటున 'బంధం ఉంది' అని తేలాలి. తేలింది దాదాపు నూటికి డెబ్భై అయిదింట. గ్రాంజర్‌కు 2003లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

బహ్రెయిన్ జనం పెరిగితే తెలుగు తగ్గుతుందా?

ఇప్పుడు మన లెక్క ఒకటి. భారతదేశ జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారి వాటా 1991లో 7.87 శాతం. 2001లో 7.19. 2011లో 6.70. బహ్రెయిన్ జనాభా 1991లో 5,08,037. 2001లో 6,50,604. 2010 లెక్కల్లో 12,34,571. ఈ రెండు వరుసలకు సహసంబంధం కట్టి చూడండి, మైనస్ 0.91 వస్తుంది. బహ్రెయిన్ పెరిగినకొద్దీ తెలుగు తరిగిందన్నమాట! గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ వల్లే తెలుగు తగ్గిందని ఎవరైనా ఒక పెద్ద కథ అల్లితే ఈ అంకె దానికి మంచి దన్నుగా కనిపిస్తుంది.

ఈ మాయ విడగొట్టడానికి చిన్న ఉపాయం ఉంది. మొత్తాలను చూడకుండా, ఒక్కో దశాబ్దంలో ఎంత మారిందో ఆ మార్పులను మాత్రమే చూడాలి. మొదటి దశాబ్దంలో బహ్రెయిన్ సుమారు 1.43 లక్షలు పెరిగింది, తెలుగు వాటా 0.68 తగ్గింది. రెండో దశాబ్దంలో బహ్రెయిన్ సుమారు 5.84 లక్షలు పెరిగింది, అంటే నాలుగు రెట్లు. ఆ కథ నిజమైతే తెలుగు వాటా ఇంకా ఎక్కువగా పడిపోవాలి. తగ్గింది 0.49 మాత్రమే. పొత్తు తిరగబడిపోయింది. మూడు చుక్కలతో ఏదీ నిరూపించలేమన్నది నిజమే, కానీ మూడు చుక్కలతోనే జనం రోజూ నిరూపించేస్తున్నారు.

బహ్రెయిన్ సంగతి ఎవరూ అనరు లెండి. అందరూ అనేది ఇంగ్లీషు మీడియం సంగతి. ఆ ఇరవయ్యేళ్ళలోనే తెలుగు నేల మీద కాన్వెంటు బళ్ళు వీధికొకటి వెలిశాయి, అప్పుడే తెలుగు వాటా పడింది, 2011లో మరాఠీ మనల్ని దాటి మూడో స్థానానికి వెళ్ళింది, మనం నాలుగుకు దిగాం. గీతలు కలిసి నడిచాయి. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఎందరో ఈ అంకెలను బాధతో పంచుకున్నారు.

కానీ జనాభా లెక్కల్లో అడిగేది మాతృభాష. చిన్నతనంలో తల్లి ఆ మనిషితో ఏ భాష మాట్లాడిందన్నది ఆ ప్రశ్న. పిల్లవాడు ఏ మీడియంలో చదివినా ఇంట్లో అమ్మ తెలుగులో మాట్లాడితే రాసేది తెలుగే. 2011లో దేశం మొత్తం మీద ఇంగ్లీషును మాతృభాషగా చెప్పినవారు దాదాపు 2.6 లక్షల మందే. తెలుగు చెప్పినవారేమో 1991లో 6.60 కోట్లు, 2001లో 7.40 కోట్లు, 2011లో 8.11 కోట్లు. సంఖ్య తగ్గనే లేదు, పెరిగింది. తగ్గింది వాటా.

వాటా ఎందుకు తగ్గింది? మన ఇళ్ళలో పిల్లలు తగ్గారు, ఉత్తరాదిలో అంత త్వరగా తగ్గలేదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. బిహార్‌లో 4. 2001-2011 మధ్య దేశ జనాభా 17.7 శాతం పెరిగితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 11 శాతం పెరిగింది, బిహార్ 25 శాతం పెరిగింది. ఇదే కారణమైతే దక్షిణాది భాషలన్నిటికీ ఇదే గతి పట్టి ఉండాలి కదా? పట్టింది. 1991 నుంచి 2011కు తమిళం వాటా 6.32 నుంచి 5.70కి, కన్నడం 3.91 నుంచి 3.61కి, మలయాళం 3.62 నుంచి 2.88కి దిగాయి. చిన్న కుటుంబాలకు అందరికంటే ముందు అలవాటు పడ్డ రాష్ట్రాల్లో కేరళ ఒకటి, వాటా నిష్పత్తిలో బాగా కోసుకుపోయిందీ మలయాళానికే.

తెలుగు చదవలేని తెలుగు పిల్లల గురించి నాకు దిగులుంది. అది నిజమైన దిగులు, దానికి నిజమైన కొలతలు కావాలి: ఎంతమంది పిల్లలు అయిదో తరగతికి తెలుగు పేరా చదవగలుగుతున్నారు, ఎన్ని ఇళ్ళలో తెలుగు పుస్తకం ఉంది, ఎందరు తల్లులు పిల్లలతో తెలుగు మానేశారు. జనాభా వాటాను ఆ దిగులుకు సాక్ష్యంగా నిలబెడితే, లెక్క తెలిసినవాళ్ళు ఒక్క నిమిషంలో దాన్ని కూలదోస్తారు. దానితో పాటు అసలు దిగులునూ కొట్టిపారేస్తారు.

బహ్రెయిన్‌లో 'సీదా' మనవాళ్ళు తెచ్చిందా?

2020 లెక్కల ప్రకారం బహ్రెయిన్ జనాభా 15,01,635. అందులో బహ్రెయిన్ పౌరులు సగానికి తక్కువ. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళతో సహా భారతీయులు అక్కడ లక్షల్లో ఉన్నారు. బహ్రెయిన్ అరబిక్‌లో హిందుస్థానీ మాటలు చాలానే వినిపిస్తాయి: తిన్నగా వెళ్ళమనడానికి సీదా, ఫ్యానుకు పంఖా నుంచి వచ్చిన బంకా. మన కూలీలు పెరిగారు, మన మాటలు అక్కడ చేరాయి అనుకుంటే ఎంత బాగుంటుంది!

కాలక్రమం మాత్రం ఒప్పుకోదు. భారతీయ కార్మికులు పెద్ద ఎత్తున గల్ఫ్‌కు వెళ్ళింది 1973 చమురు ధరల పెరుగుదల తర్వాత. అంతకు చాలా ముందే, ముత్యాల వ్యాపారం నాటికే, బహ్రెయిన్ వర్తకులకు బొంబాయి రెండో ఇల్లు. ముత్యాలు అమ్మింది అక్కడ, బియ్యం, బట్ట, కలప కొన్నది అక్కడి నుంచి. 1965లో బహ్రెయిన్ దీనారు వచ్చేదాకా ఆ దీవిలో చెల్లింది రూపాయే. పది రూపాయలకు ఒక దీనారు లెక్కన మార్చారు. హిందుస్థానీ మాటలు పాకడానికి ఆ వర్తకపు దారి లేబర్ క్యాంపుల కంటే తరాల ముందే తెరిచి ఉంది. ఏది ముందు వచ్చిందో చూసుకోకపోతే పాత అప్పును కొత్త ఖాతాలో రాసేస్తాం.

కలిసి తగ్గినవన్నీ అబద్ధాలు కావు

జిదాఫ్స్ చుట్టుపక్కల తోటలు తరిగాయి. భూగర్భ జలాలను అతిగా తోడటంతో దీవిలోని ఊటలు చాలావరకు ఎండిపోయాయి, తోటల నేలలో ఇళ్ళు లేచాయి. వాటితో పాటే ఖర్జూర సేద్యపు మాటలూ కుర్రకారు నోటి నుంచి జారిపోతే ఆశ్చర్యం లేదు. కాయ గట్టిగా రంగు తిరిగినప్పుడు ఖలాల్, మెత్తబడ్డప్పుడు రుతబ్, ఎండాక తమ్ర్ అన్న మాటలు బజారులో బతికే ఉన్నాయి, ఎందుకంటే పండు ఇంకా బజారుకు వస్తోంది. చెట్టెక్కే తాడుకు, కాలువ మలిపే పనిముట్టుకు, నీళ్ళ వంతుకు ఉన్న పేర్లకు ఆ అండ లేదు. హోల్స్ 2001లో మొదలుపెట్టి 2016 దాకా మూడు పెద్ద సంపుటాలుగా తూర్పు అరేబియా మాండలికాలను అచ్చు వేసినప్పుడు మొదటి సంపుటం పదకోశమే. అలాంటి పని ఒక్క తరం ఆలస్యమైనా చాలా మాటలు దక్కేవి కావు.

ఇక్కడ తోట గీత, మాట గీత కలిసి దిగడం వెనక అసలు బంధమే ఉంది. పని పోతే పనిమాట పోతుంది. మన దగ్గర కరెంటు మోటార్లు వచ్చాక ఏతం, గూడ, మోట, కపిల ఏమయ్యాయో చూస్తున్నాం కదా. నా ఊహ నిజమని తేల్చడానికి కూడా గీతలు చాలవు. తోటలు ఇంకా మిగిలిన పల్లెల్లో ఆ మాటలు ఎక్కువగా మిగలాలి, అదే ఊళ్ళో తోటపనివాళ్ళ ఇళ్ళలో మిగిలి, గుమాస్తాల ఇళ్ళలో పోయి ఉండాలి. అప్పుడే నమ్మాలి. అదే పరీక్షను జ-కారానికి పెడితే నిలవదు. ఖర్జూర చెట్టుకూ జ-కారానికీ ఏ పొత్తూ లేదు, రెండూ ఒకే యాభై ఏళ్ళలో తగ్గాయన్నది తప్ప.

భాషలూ చుట్టాలే

2013లో కీత్ చెన్ అనే ఆర్థికవేత్త ఒక ముచ్చటైన సిద్ధాంతం అచ్చు వేశాడు. భవిష్యత్తును వేరే క్రియారూపంతో చెప్పి తీరవలసిన భాషలవాళ్ళు తక్కువ పొదుపు చేస్తారనీ, వర్తమానంతోనే సరిపెట్టే భాషలవాళ్ళు ఎక్కువ పొదుపు చేస్తారనీ. ప్రపంచమంతటి అంకెలతో లెక్క కుదిరింది, పత్రికలు ఎగబడ్డాయి. తెలుగువాడికి వెంటనే ఒక సందేహం వస్తుంది: 'రోజూ వస్తాను' అన్నా 'రేపు వస్తాను' అన్నా మనది ఒకటే రూపం. మరి మనల్ని ఏ గంపలో వెయ్యాలి?

చెన్ లెక్కలో అసలు చిక్కు ఇంతదాకా చూసినట్టు కాలంతో వచ్చేది కాదు, చుట్టరికంతో వచ్చేది. ఒక కుటుంబానికి చెందిన భాషలు వ్యాకరణాన్నీ పంచుకుంటాయి, వాటిని మాట్లాడేవాళ్ళు ఆచారాలనూ పంచుకుంటారు. పది భాషలను లెక్కపెట్టి పది సాక్ష్యాలు అనుకుంటే, అన్నదమ్ములు పదిమందిని తెచ్చి పదిమంది వేర్వేరు సాక్షులన్నట్టే. 1888లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ప్రశ్న లేవనెత్తాడు. అదే 2013లో జేమ్స్ వింటర్స్, షాన్ రాబర్ట్స్ ఒక వ్యాసంలో, భాషా వైవిధ్యం ఎక్కువ ఉన్న దేశాల్లో రోడ్డు ప్రమాదాలూ ఎక్కువని, తుమ్మజాతి చెట్లకూ స్వరభేదంతో అర్థం మారే భాషలకూ పొత్తు కుదురుతుందని లెక్కలు చూపి, పెద్ద అంకెల కుప్పలో ఏది కావాలంటే అది దొరుకుతుందని హెచ్చరించారు. 2015లో ఆ ఇద్దరితో కలిసి చెన్ తన సిద్ధాంతాన్నే మళ్ళీ పరీక్షకు పెట్టాడు. భాషల చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ బంధం బాగా బలహీనపడింది. పేరు తెచ్చిపెట్టిన లెక్కను ప్రశ్నించినవాళ్ళతో కలిసి కూర్చుని తిరగేయడానికి పెద్ద మనసు కావాలి. చెన్ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

వ్యావహారికం గెలిచింది అక్షరాస్యత వల్లేనా?

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు రాత గ్రాంథికం నుంచి వ్యావహారికానికి మారింది. అదే శతాబ్దంలో అక్షరాస్యత పెరిగింది. చదువుకునేవాళ్ళు పెరిగారు కాబట్టి రాత జనం మాటకు దిగివచ్చిందని పాఠాల్లా చెబుతుంటారు.

గురజాడ 'కన్యాశుల్కం' అచ్చయింది 1897లో. గిడుగు రామమూర్తి, గురజాడ ఒకవైపు, జయంతి రామయ్య మరోవైపు నిలబడి వాదం ముదిరింది 1910 తర్వాతి కొద్ది ఏళ్ళలో. 1911లో దేశంలో అక్షరాస్యులు నూటికి ఆరుగురు కూడా లేరు. అంటే గాలి మళ్ళడం మొదలైంది చదివేవాళ్ళు పెరగక ముందే. తర్వాతి కాలంలో చదువు ఎక్కువగా పెరిగిన పొరుగును చూడండి. 2011లో తమిళనాడు అక్షరాస్యత 80 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 67. తమిళంలో రాసే భాషకూ మాట్లాడే భాషకూ మధ్య దూరం ఇప్పటికీ మన కంటే చాలా ఎక్కువ. అక్షరాస్యతే కారణమైతే వాళ్ళు మనకంటే ముందు మారి ఉండాలి.

మన దగ్గర మారింది మనుషులు పట్టుబట్టడం వల్ల. గిడుగు ఊరూరా తిరిగి, పాత కవుల ప్రయోగాలు చూపించి, పండితులతో వాదించాడు. తాపీ ధర్మారావు, నార్ల వెంకటేశ్వరరావు లాంటి సంపాదకులు పత్రికల భాషను వాడుకకు తెచ్చారు. 1940లో గిడుగు కన్నుమూసే నాటికి వ్యావహారికానికి విశ్వవిద్యాలయాల తలుపులు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, అవి తెరుచుకోవడానికి మరో తరం పట్టింది. ఈ వరుసను ఒక శాతాల గీతగా మార్చేస్తే, కష్టపడ్డ మనుషులంతా మాయమై, మార్పు దానంతటదే జరిగినట్టు కనిపిస్తుంది. అది నాకు మింగుడుపడదు.

వెతుకుడు పెట్టెలో పెరిగే మాటలు

2010 చివర్లో గూగుల్ లక్షల పుస్తకాల నుంచి ఏ మాట ఏ ఏడాది ఎంత వాడారో గీత గీసి చూపే ఎన్‌గ్రామ్ పనిముట్టును తెచ్చింది. అప్పటి నుంచి 'ఫలానా మాట పెరిగింది, అంటే సమాజం ఫలానా విధంగా మారింది' అన్న వ్యాసాలు వెల్లువెత్తాయి. 2015లో పెచెనిక్, డాన్‌ఫర్త్, డాడ్స్ అనే ముగ్గురు ఆ పుస్తకాల కుప్పనే పరిశీలించారు. ఇరవయ్యో శతాబ్దం గడిచేకొద్దీ అందులో శాస్త్ర, సాంకేతిక రచనల పాలు పెరుగుతూ పోయింది. కాబట్టి అలాంటి రచనల్లో వాడే మాటలు జనం నోట పెరగకపోయినా గీత మీద పెరిగాయి. మారింది బీరువాలోని పుస్తకాలు.

తెలుగుకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన పత్రికల్లో చాలావరకు మొదట సొంత ఫాంట్లతోనే వెబ్‌లోకి వచ్చాయి. ఆ పాత పేజీల్లోని అక్షరాలు వెతుకుడు యంత్రాలకు తెలుగుగా కనిపించేవే కావు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఫోన్లలో తెలుగు కీబోర్డు అందరి చేతికీ వచ్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు. ఈ కాలంలో ఏ తెలుగు మాటను తీసుకుని వెతికినా, అది తిట్టయినా దీవెనైనా, గీత పైకే లేస్తుంది. ఆ గీత పక్కన మొబైల్ టవర్ల గీత పెట్టినా, బిర్యానీ హోటళ్ళ గీత పెట్టినా పొత్తు కుదురుతుంది. ఆ ఏడాది దొరికిన మొత్తం తెలుగులో లక్ష మాటలకు ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందని భాగించి, వార్తలు, కథలు, సామాజిక మాధ్యమాలు ఏవి ఎంత పాళ్ళలో ఉన్నాయో విడదీసి, అప్పుడు గీయాలి. ఇంత చేశాక కూడా పైకి లేచే మాటలు కొన్ని ఉంటాయి. పరిశోధన మొదలుపెట్టవలసింది వాటి దగ్గర.